ఉభయకుశలోపరి

కార్డుముక్కపై మొదటి పంక్తిలోనే ఆ మాట ఉండెడిది. ఉభయకుశలోపరి అనగా ఇరువైపులవారి కుశలమును విచారించుకొనిన తరువాత అని అర్థము. ఇక్కడ మేమందరము క్షేమము, అక్కడ మీరందరు క్షేమమని తలచుచున్నాము అని చెప్పిన పిదపనే అసలు సంగతి. ఆ సంగతి ఎద్దుల బేరము కావచ్చును, ఆడపిల్లను పురిటికి పంపుట కావచ్చును, పది రూపాయలు చేబదులు అడుగుట కావచ్చును. ఎంత తొందర పనియైనను ఎదుటివారి మేలు అడుగక పని చెప్పుట మర్యాద కాదని పల్లెటూరి రైతునకు కూడ తెలియును. చదువురానివాడు బడిపంతులుగారి చేత వ్రాయించుకొన్నను ఆ మాటను మాత్రము వదలనిచ్చెడివాడు కాదు.

ఆ కార్డుకు ఒక కట్టుబాటు ఉండెడిది. కుడివైపు పైమూల ఊరిపేరు, దాని క్రింద తేదీ. తరువాత సంబోధన. తండ్రికి వ్రాయునప్పుడు ఒక మాట, తమ్మునికి వ్రాయునప్పుడు మరొక మాట. పెద్దలకు నమస్కారములు, పిన్నలకు ఆశీర్వచనములు. చివర ఇట్లు అని సంతకము. పెండ్లికబురైనచో నాలుగు మూలల పసుపు. చావుకబురైనచో వాకిటనే చదివి చించివేయుట ఆచారము. అక్షరము రాని ముసలమ్మ కూడ తపాలా జవాను చేతిలోని కార్డు మూలలు చూచి, వచ్చినది మంచివార్త అవునో కాదో పోల్చుకొనగలిగెడిది. ఊరు, పేరు, సంతకము లేని ఉత్తరమునకు లోకము వేరే పేరు పెట్టినది. అది ఆకాశరామన్న ఉత్తరము. దానిని చదివినవారుండవచ్చును గాని, దానిని నమ్మి ఇల్లు కదలిన పెద్దమనిషి ఉండెడివాడు కాదు.

ఈ రెండు రకముల ఉత్తరములకు నడుమనున్న తేడాయే నేటి సెల్‌ఫోను యుగమున తేల్చుకొనవలసిన పెద్ద విషయముగా పరిణమించినది.

నెల్లూరుకు దక్షిణమున, చెన్నపట్టణము పోవు జాతీయ రహదారి ప్రక్కన వెంకటాచలము కలదు. కృష్ణపట్నము రేవునకు పోవు రైలుమార్గము ఇక్కడనే చీలును. డాక్టర్ రాధాకృష్ణన్ గారి వంశమునకు ఇంటిపేరైన సర్వేపల్లి ఈ మండలములోని గ్రామమే. విక్రమసింహపురి విశ్వవిద్యాలయమున్న కాకుటూరు కూడ ఈ మండలములోనిదే. ఒకవైపు వరిచేలు, మరొకవైపు రొయ్యల గుంటలు, నడుమ రాత్రింబవళ్లు లారీల రొద. దేశములోని ఏ మారుమూలనుండియైనను మనుష్యులును సరుకులును దాటిపోవు దారి ఇది. ఇట్టి చోట వార్త ఎట్లు ప్రయాణము చేయుచున్నదో గమనించినచో, తెలుగుదేశమంతటి సంగతి తెలిసినట్లే.

మన దేశములో పోస్టుకార్డు 1879లో వచ్చినది. ఇన్‌లాండు కవరు 1950లో వచ్చినది. తంతి వచ్చినదనగా ఇల్లాండ్ర గుండెలు ఝల్లుమనెడివి. ఆ తంతి 2013 జూలైలో ఆగిపోయినది. రిజిస్టర్డు పోస్టు 2025లో స్పీడుపోస్టులో కలిసిపోయినది. మరియొక వైపున, 1995 జూలై 31వ తేదీన కలకత్తానుండి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖరామ్‌తో మాట్లాడుటతో సెల్‌ఫోను సంభాషణ ఈ దేశమున మొదలైనది. ఆ తొలిదినములలో ఫోను చేసినవాడే కాక, పిలుపు అందుకొన్నవాడు సయితము డబ్బు చెల్లించవలసియుండెను. సామాన్యులు ఎస్.టి.డి. బూతుల ముందు, రాత్రి పదకొండు దాటిన రేటు తగ్గునని, కునికిపాట్లు పడుచు నిలుచుండెడివారు. 2003లో వచ్చు పిలుపులు ఉచితమైనవి. అప్పుడు మిస్డ్ కాల్ అను మాటలులేని భాష పుట్టినది. ఒకసారి మ్రోగి ఆగినచో చేరితినని, రెండుమారులు మ్రోగినచో బస్టాండునకు రమ్మని, ఇంటింటికి ఒక ఏర్పాటు ఉండెడిది. పైసా ఖర్చులేని ఆ తంతిని కనిపెట్టినవారు ఇంజనీర్లు కారు, బీదలు.

2016 సెప్టెంబరు 5న, సర్వేపల్లివారి పేర ఉపాధ్యాయులను గౌరవించుకొను దినముననే, జియో సంస్థ తన సేవలను ప్రారంభించినది. ఇంటర్నెట్టు ధర ఒక్కసారిగా పడిపోయినది. అంతవరకు పట్టణపు యువకుల చేతులలోనున్న వాట్సప్, ఫేస్‌బుక్ పొలముగట్టునకు చేరినవి. గురుపూజా దినమున దేశమునకు మరియొక గురువు దొరకెను. అయితే తాను చెప్పినదానికి బాధ్యత వహించు అలవాటు ఆ గురువునకు లేకపోయెను.

ఈ మార్పును కీడుగా మాత్రమే చూచుట అన్యాయము. నెల్లూరు, కడప, గోదావరి జిల్లాలనుండి ఎందరో స్త్రీలు కువైట్ మొదలగు దేశములకు ఇంటిపనికి పోయినారు. ఉత్తరము వ్రాయుట రాని తల్లి, ఉత్తరము చదువుట రాని అవ్వ, నడుమ పెరుగుచున్న పిల్ల. వీరికి ఒకనాడు వ్రాసిపెట్టువాడు ఒకడు, చదివిపెట్టువాడు ఒకడు కావలసియుండెను. కడుపులోని దుఃఖము ముగ్గురి చెవులలో పడిన తరువాత గాని కన్నబిడ్డకు చేరెడిది కాదు. నేడు ఆ తల్లి తన గొంతుతో తానే మాట్లాడి పంపుచున్నది. బిడ్డ ముఖమును చూచి పడుకొనుచున్నది. చెవిటి, మూగ వారు దూరముననున్న తమవారితో చేతిసైగలతో ముచ్చటించుట వీడియోకాల్ రాకముందు కలలోని మాట. అక్షరము రానివారికిని, మాట రానివారికిని కూడ ఈ యంత్రము నోరిచ్చినది.

జీవనోపాధికి సంబంధించిన మేలు కూడ కలదు. 1997కును 2001కిని నడుమ కేరళ తీరమునకు సెల్‌ఫోను వచ్చినప్పుడు ఏమి జరిగినదో రాబర్ట్ జెన్సన్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు పరిశీలించి 2007లో ప్రకటించినాడు. అంతకు పూర్వము ఒక రేవున కొనువారు లేక చేపలను సముద్రములోనే పారబోయుచుండగా, కొద్దిమైళ్ల దూరములోని మరొక రేవున చేపలు లేక కొనువారు వట్టిచేతులతో పోయెడివారట. పడవలోనుండియే ధర కనుగొను వీలు కలిగిన పిదప ఆ వృథా దాదాపు ఆగిపోయినది. జాలరుల లాభము నూటికి 8 వంతులు పెరిగినది. కొనువారికి ధర 4 వంతులు తగ్గినది. ఇరుపక్షములకు మేలు! కార్డుముక్కలోని ఉభయకుశలమే అంగడిలోనికి వచ్చినదనవచ్చును. రొయ్యల ధర ఉదయమునకు ఒకటి, సాయంకాలమునకు ఒకటిగా మారు నెల్లూరు తీరమున ఈ మాట విలువ విడమరచి చెప్పనక్కరలేదు.

విద్యార్థులకును ఇది దగ్గరి సంగతియే. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మనమిత్ర అను పేర 161 సేవలను వాట్సప్ ద్వారా ప్రారంభించినది. ఆ ఏడు ఇంటరు, పదవతరగతి పిల్లలు తమ హాలుటిక్కెట్లను ఫోనులోనే తీసుకొనగలిగిరి. కార్యాలయపు గుమ్మమున నిలుచుండి అయ్యా అని అడుగవలసిన పని తగ్గినది.

ఇక భాష సంగతి. తొలి సెల్‌ఫోనులలో తెలుగు అక్షరము లేకపోయెను. పిల్లలు ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయుట నేర్చినారు. ఆ వ్రాతలో ళకారము, లకారము ఒకటియే. పాలు ఏవో పళ్లు ఏవో సందర్భమునుబట్టి ఊహించుకొనవలసినదే. ప్రపంచ భాషలన్నిటికి ఒక్కటియైన యూనికోడ్ పట్టికలో తెలుగు 1991 నుండియు ఉన్నది గాని, దానిని సామాన్యుని చేతి ఫోనులో చూపగల సామర్థ్యము వచ్చుటకు చాల ఏండ్లు పట్టినది. వచ్చిన తరువాత కూడ 2018 ఫిబ్రవరిలో ఒక విచిత్రము జరిగినది. జకారము, దాని క్రింద ఞకారము, పైన దీర్ఘము, నడుమ కంటికి కనపడని ఒక సంకేతము కలిసిన జ్ఞా అను అక్షరము సందేశములో వచ్చినచో ఆపిల్ ఫోనులలోని సందేశయంత్రాంగము స్తంభించిపోయెడిది. జ్ఞానమునకు మొదటి అక్షరమే అంత ఖరీదైన యంత్రమునకు మింగుడుపడకపోయినది! ఆ నెలలోనే ఆ సంస్థ దోషమును సవరించినది. తెలుగు లిపిని లోకము ఎంత ఆలస్యముగా పట్టించుకొన్నదో ఆ ఒక్క అక్షరము చాటిచెప్పినది. ఇప్పుడు నోటితో చెప్పినను ఫోను తెలుగున వ్రాసిపెట్టుచున్నది. కావున అక్షరములు లేకపోయెనను సాకు చెల్లదు. తెలుగున వ్రాయుటయా మానుటయా అన్నది ఇక వ్రాయువాని ఇష్టము.

లిపి దొరికినది, వేగము దొరికినది. అయితే కార్డుతో పాటు పోయినవి మూడు: ఊరు, తేదీ, సంతకము. ఫోనులో వచ్చు సందేశమును పంపినవాడు తెలిసినవాడే. మేనత్త కొడుకు కావచ్చును, ప్రక్కయింటి మాస్టారు కావచ్చును. కాని దానిని వ్రాసినవాడు అతడు కాడు. అతనికి మరొకరు, వారికి ఇంకొకరు పంపినారు. మొదట వ్రాసినది ఎవరో, ఏ ఊరనో, ఏ సంవత్సరముననో ఎవరికిని తెలియదు. ఆకాశరామన్న పూర్వము వీథిలో నిలుచుండి తలుపు తట్టెడివాడు. ఎవరును తీసెడివారు కారు. ఇప్పుడు ఆయన మేనత్త కొడుకు భుజము మీద చెయ్యి వేసికొని సరాసరి ఇంటిలోనికి వచ్చుచున్నాడు.

దీని ఫలితము 2018 మే నెలలో తెలుగునాట కనపడినది. పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు దిగినవని ఫోనులలో పుకారు వ్యాపించినది. కొత్తవారిని, బిచ్చగాండ్రను, మతి చలించినవారిని జనము పట్టి కొట్టిరి. కొందరు ప్రాణములు కోల్పోయిరి. ఆ దినములలో గద్వాల ప్రాంతమున పోలీసు సూపరింటెండెంటుగా ఉన్న రెమా రాజేశ్వరి గారు నాలుగువందలకు పైగా గ్రామముల భారము చూచుచుండిరి. వేసవి రాత్రులలో ఆరుబయట పడుకొను జనము తలుపులు బిగించుకొనుచున్నారని ఊళ్లు తిరుగు పోలీసులు గుర్తించి చెప్పిరి. ఆమె కానిస్టేబుళ్లను ఊరూరికి పంపి, డప్పు వేయించి, జానపదుల చేత పాటలు పాడించి, అది అబద్ధమని చాటించినది. ఆమె ఏలుబడిలోని గ్రామములలో ఒక్క ప్రాణమును పోలేదు. కాంతివేగమున వచ్చిన అబద్ధమును కాలినడకన వచ్చిన దండోరా ఆపగలిగినది. ఎందుచేతననగా, దండోరా వేయువాడు ఎదుట నిలుచుండును. వానికి ముఖమున్నది, పేరున్నది, ప్రశ్నించినచో బదులు చెప్పవలసిన బాధ్యతయున్నది. ఆ సంవత్సరము జూలైలో వాట్సప్ సంస్థయే మన దేశమున ఒక సందేశమును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండ కట్టడి చేసినది.

వెంకటాచలమునకు చేరువలోనే ఇట్టి పాఠము మరొకటి జరిగినది. అది 2021 మే నెల, కొవిడ్ రెండవ విజృంభణ కాలము. కృష్ణపట్నములో ఆనందయ్య గారు మూలికలతో మందు చేసి ఉచితముగా పంచుచుండిరి. చుట్టుపట్ల ఊళ్లకు తెలిసిన ఆ సంగతి ఫోనుల వెంట రాష్ట్రములు దాటినది. మందు వేయగనే కోలుకొంటిమని చెప్పు దృశ్యములు చేతులు మారినవి. మే 21న ఆ రేవుగ్రామమునకు వేలజనము తరలివచ్చిరి. ఆంబులెన్సులలో వచ్చినవారును కలరు. ఆ తొక్కిసలాటలో పంపిణీ ఆపివేయవలసివచ్చినది. ప్రభుత్వము పరిశీలన జరిపించి, అది హానికరము కాదనియు, కొవిడ్‌ను నయము చేయునని మాత్రము రుజువు లేదనియు తెలిపి, మే 31న కంటిచుక్కలు తప్ప తక్కినవాటికి అనుమతి ఇచ్చినది. ఆ మందు గుణమును తేల్చుట వైద్యశాస్త్రము పని. ఇక్కడ చూడవలసినది వార్త నడచిన తీరు. కోలుకొంటినని దృశ్యములో చెప్పినవారిలో ఒకరు ఆ నెలాఖరునకే కన్నుమూసిరి. దృశ్యములోని మాటకు తేదీ లేదు. దానిని నెల తరువాత అందుకొన్నవానికి ఆ మనిషి ఇంకను లేచి కూర్చుండి నవ్వుచునే కనపడును. భయముతోనున్నవాడు మందుకై పరుగెత్తుట తప్పు కాదు. తేదీ లేని మాటను నమ్మి రోగిని బండి ఎక్కించుట ప్రమాదము.

ఈ వ్యాధికి విరుగుడు వెదకుటకు దూరము పోనక్కరలేదు. తెలుగునకు ప్రాచీన భాషగా గుర్తింపు 2008లో వచ్చినది. ఆ ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రము మైసూరునుండి తరలివచ్చి 2020 జనవరిలో వెంకటాచలముననే ప్రారంభమైనది. ప్రాచీన తెలుగు అనగా ముందుగా శాసనములు. నెల్లూరు జిల్లా శాసనములను బట్టర్‌వర్త్, వేణుగోపాలచెట్టి గారలు సేకరించి 1905లో మూడు సంపుటములుగా ప్రకటించినారు. శాసనము పద్ధతి ఏమి? ఏ రాజు కాలమున, ఏ సంవత్సరమున, ఏ తిథిని, ఎవరు ఎవరికి ఏ భూమిని ఇచ్చినారో చెప్పుదురు. ఎల్లలు చెప్పుదురు. సాక్షులను చెప్పుదురు. ఒక్కొక్కచోట చెక్కినవాని పేరు కూడ ఉండును. చివరకు దీనిని చెరచినవానికి వారణాసిలో గోవులను చంపిన పాపము తగులునని శాపము పెట్టుదురు. మాటను మార్చుట, తారుమారు చేయుట మహాపాపమని రాతిమీద వ్రాసిపెట్టిన జాతి ఇది. వేయేండ్లు గడచినను ఆ రాయి సాక్ష్యము చెప్పుచున్నదనిన, అది రాయి గట్టితనము వలన కాదు, దానిమీదనున్న పేరు, తేదీ, సాక్షుల వలన. సందేశమునకు రాయియైనను కార్డైనను గాజుపలకయైనను వట్టి పీట. పీట మారవచ్చును, కూర్చుండు మనిషికి మాత్రము పేరుండవలెను.

తెలుగు పరీక్షలలో నేటికిని లేఖారచన కలదు. స్థలము వ్రాసిన ఇంత, తేదీ వ్రాసిన ఇంత, సంబోధనకు ఇంత, సంతకమునకు ఇంత, చిరునామాకు ఇంత అని మార్కులు పంచి వేయుదురు. పిల్లలు ఆ చట్రమును కంఠస్థము చేసి మార్కులు తెచ్చుకొనుచున్నారు. బడినుండి ఇంటికి పోయి ఫోను తెరచి, స్థలము లేని, తేదీ లేని, సంతకము లేని వార్తను నలుగురికి పంపుచున్నారు. ఈ రెండింటికి సంబంధమున్నదని వారికి చెప్పినవారు లేరు. లేఖారచన పోస్టాఫీసు కొరకు పెట్టిన పాఠము కాదు, మాటకు పూచీపడుటను నేర్పుటకు పెట్టిన పాఠమని ఒక్కసారి తరగతిలో విప్పి చెప్పినచో చాలును. వచ్చిన సందేశము నొకదానిని నల్లబల్లమీద వ్రాసి, దీనికి స్థలమేది, తేదీ యేది, సంతకమెవరిది అని పిల్లల చేతనే మార్కులు వేయించవచ్చును. సున్న వచ్చిన ఉత్తరమును ఎవరికిని పంపరాదని వారే తీర్మానించుకొందురు. దీనికి కొత్త పుస్తకములు అక్కరలేదు. ఉన్న పాఠమునకు ప్రాణము పోసిన చాలును.

పెద్దలు దిద్దుకొనవలసినదియు కొంత కలదు. ఒకే అరుగుమీద నలుగురు కూర్చుండి నాలుగు ఫోనులలోనికి చూచుకొనుట ఇప్పుడు సాధారణ దృశ్యము. రాత్రి పదిగంటలకు గ్రూపులో ఉత్తర్వు పెట్టి, చదివినట్లు గుర్తు కనపడినది గదా, బదులేదని ఉదయమే అడుగు అధికారులున్నారు. పూర్వము బదులునకు నాలుగుదినముల గడువుండెడిది. ఆ నాలుగుదినములలో కోపము చల్లారెడిది, మాట మెత్తబడెడిది. కోపముతో వ్రాసిన కార్డును పెట్టెలో వేయక చింపినవారెందరో. వ్రేలికొనతో పోయిన మాటకు చింపుకొను అవకాశము తక్కువ. కావున ఆ గడువును యంత్రము ఇవ్వకున్నను మనిషి తనకు తానే ఇచ్చుకొనవలసియున్నది.

ఒకనాడు ఊరివారు కార్డు పట్టుకొని బడికి వచ్చెడివారు. పంతులుగారూ, ఇందులో ఏమున్నదో కాస్త చదివి పెట్టండి అనెడివారు. పంతులుగారు చదివిన మాట వారికి వేదము. నడుమ కొంతకాలము, అందరికి చదువు వచ్చినదని, ఆ పని పోయినదనుకొన్నారు. పోలేదు, రూపము మారినది. ఇప్పుడు అదే రైతు మనుమడు ఫోను పట్టుకొని వచ్చి, మాస్టారూ, ఇది నిజమేనా అండీ అని అడుగుచున్నాడు. మొదటి ప్రశ్నకు అక్షరములు వచ్చిన చాలును. ఈ రెండవ ప్రశ్నకు బదులు చెప్పుటకు చదువు కావలెను, ఓపిక కావలెను. తెలియనిచోట తెలియదని చెప్పగల ధైర్యము కావలెను. ఆ నమ్మకమును నిలుపుకొన్న ఉపాధ్యాయుడు ఉన్నంతవరకు ఆకాశరామన్న ఆ ఊరిలో అడుగు పెట్టజాలడు.

పంపువానికి మేలు, అందుకొనువానికి మేలు. ఆ రెండు మేళ్లును చూచుకొనిన తరువాతనే సంగతి. కార్డు పోయినను ఆ మాట పోనక్కరలేదు.